మంగతాయారు సరిదిద్దిన గీతలు

నేను ఒక గళ్ళ అట్టని. మాత్రని కాను, మందునీ కాను. ఈ సంగతి ముందే చెప్పేస్తే ఆనక మీరు నొచ్చుకోకుండా ఉంటారు. అరచెయ్యంత తెల్లటి అట్ట, దాని మీద నిలువుగా, అడ్డంగా నల్లటి గీతలు, నడిమధ్యన ఒక చుక్క. అంతే నా ఆస్తి. చూసినవాళ్ళు ఏ పిల్లాడి లెక్కల పుస్తకంలోంచో చింపిన కాగితం అనుకుంటారు. ఒకావిడైతే నన్ను తిరగేసి, మరగేసి, "ఇందులో బొమ్మేదమ్మా?" అని అడిగింది. ఏం చెప్పను? నాలో బొమ్మ ఉంటే ఇక నా పనేం సాగుతుంది?

నేను పుట్టింది విజయవాడలో ఒక ప్రింటింగు ప్రెస్సులో. పెళ్ళిళ్ళ రోజులు. పక్క మిషను మీద శుభలేఖలు పడుతున్నాయి. వాటికి బంగారు రంగు అంచు, పైన వినాయకుడు, నాలుగు మూలలా పసుపు. ప్రెస్సాయన వాటిని ఒక్కోటే చేతిలోకి తీసుకుని మురిసిపోయేవాడు. మమ్మల్ని మాత్రం "ఆ కంటాసుపత్రి సరుకు" అనేవాడు. అయినా ఆయన మీద నాకు కోపం లేదు. మమ్మల్ని కత్తిరించే ముందు స్కేలు పెట్టి కొలిచాడు. ఒక కట్టలో గీత వెంట్రుకవాసి పక్కకి జరిగిందని కట్ట కట్టంతా అవతల పారేశాడు. నన్ను మటుకు అటూ ఇటూ తిప్పి చూసి "శుభ్రంగా వచ్చింది" అన్నాడు. నాలో వంకర లేదని ఒక మనిషి ఒప్పుకున్నది అదే మొదటిసారి. తరవాత వంకరన్న నిందే నా నెత్తిన పడింది.

అక్కణ్ణించి మమ్మల్ని భీమవరంలో ఒక కంటి ఆసుపత్రికి పంపారు. షబానా అని అక్కడొక అమ్మాయి. డాక్టరమ్మ చెప్పినదాన్ని పేషెంట్లకి మళ్ళీ విడమరిచి చెప్పడం ఆ పిల్ల ఉద్యోగం. రోజుకి ముప్ఫైసార్లు అదే పాఠం. ఎవరైనా అయితే విసుక్కుందురు, ఆ పిల్ల విసుక్కునేది కాదు. ఒకరోజు ఆమె బల్లకి ఎదురుగా అరవయ్యెనిమిదేళ్ళ మంగతాయారు వచ్చి కూర్చుంది. నా కథలో నాకు దక్కిన మనిషి ఈవిడే.

మంగతాయారుది నరసాపురం దగ్గరి పల్లె. లేసు అల్లుతుంది. సన్నటి తెల్లదారం, చివర చిన్న కొక్కెం ఉన్న సూది, ఈ రెండిటితో బల్లగుడ్డలూ, దిండు అంచులూ అల్లడం ఆ వైపు ఆడవాళ్ళకి తరాలుగా వస్తున్న పని. ఆమెకి పదమూడో ఏట తల్లి పోయింది. చెల్లెలు రత్నానికి అప్పుడు ఏడేళ్ళు. తండ్రి ఉన్నా లేనట్టే. చెల్లెలికి అన్నం పెట్టాలి కాబట్టి ఆ పిల్ల సూది పట్టుకుంది. సంబంధాలు వస్తే "ముందు రత్నం సంగతి కానివ్వండి" అంది. రత్నం సంగతి అయ్యేసరికి ఈవిడ సంగతి అడిగేవాళ్ళు లేకుండా పోయారు. రత్నం భర్త పోయాక తిరిగి అక్క దగ్గరికే వచ్చింది. ఊళ్ళో బడిపిల్లలకి మధ్యాహ్నభోజనం వండుతుంది. పొద్దున్నే వెళ్తే సాయంత్రానికి తేలుతుంది.

ఇంతకీ మంగతాయారు కుడికన్ను ఎప్పుడో మసకబారింది. శుక్లమేలే అని ఏళ్ళు గడిపేసింది. శుక్లం కాదు. వయసు మళ్ళాక కంటి లోపలి తెర నడిమి భాగం చెడిపోయే జబ్బు. పక్కలన్నీ కనిపిస్తాయి, ఏది చూద్దామంటే అదే కనపడదు. కుడికన్ను ఇక తిరిగి రాదని డాక్టరమ్మ చెప్పేసింది. ఎడమకంట్లోనూ మొదలైందిగానీ చూపు ఇంకా బాగానే ఉంది. ఆ ఎడమకన్నే ఇప్పుడు ఆమె లేసు, ఆమె ముద్ద, ఆమె మర్యాద.

షబానా బల్ల మీద రెండు పెట్టింది. ఒకటి పసుపుపచ్చ మూతున్న విటమిన్ మాత్రల సీసా. రెండోది నేను.

"చూడండమ్మా, ఈ మాత్రలు పోయిన చూపు తేవు. ఉన్న చూపు పాడవకుండా కొంతమందికి కొంత ఆసరా అంతే. పొద్దునొకటి, రాత్రొకటి. అంతకి మించొద్దు. అసలు సంగతి ఈ అట్ట. రోజూ పొద్దున కళ్ళజోడు పెట్టుకుని, కుడికన్ను మూసుకుని, మధ్య చుక్కనే చూడాలి. గీత వంకర తిరిగినా, ఎక్కడన్నా మాయమైనా ఆ రోజే బస్సెక్కాలి. మర్నాడు కాదు, ఆ రోజే. వస్తారు కదా?"

"ఆయ్, వస్తానండి," అంది మంగతాయారు. సీసాని కొంగులో కట్టుకుంది. నన్ను సంచిలో పడేసింది, రెండు అరటిపళ్ళ కింద.

ఇంటికొచ్చాక తెలిసింది మా ఇద్దరి హోదా ఏంటో. సీసాకి దేవుడి పటాల పక్కన చోటు. ఎవరొచ్చినా కనబడేలా! "ఏంటక్కా ఇవి?" అని అడిగితే "బలానికమ్మా, విటమిన్లు" అనేది, అడిగినావిడ "నాకూ ఒకటి ఇద్దూ, మోకాళ్ళు లాగేస్తున్నాయి" అనేది. ఈవిడ ఇచ్చేది కూడా. మాత్ర వేసుకోవడం పరువైన పని. మరి నేను? నన్ను చూస్తే కంటిజబ్బని తెలిసిపోతుంది. తెలిస్తే లేసు పని ఇచ్చే సత్తిరాజు చెవిన పడుతుంది, చూపులేని మనిషికి దారమెందుకని పని ఆపేస్తాడు. అదీ ఆమె భయం. అందుకని నన్ను బీరువా తలుపు లోపలివైపు అంటించింది. రత్నానిక్కూడా చెప్పలేదు. దాని బట్టలు ట్రంకుపెట్టెలో ఉంటాయి, బీరువా జోలికి రాదు.

ఒంటరితనం అంటే ఏంటో నాకు ఆ బీరువాలోనే తెలిసింది. రోజంతా చీకటి, కలరా ఉండల వాసన, కట్టుకోని చీరలు. రత్నం బడికి వెళ్ళగానే తలుపు కిర్రుమనేది. కళ్ళజోడు, వెనక ఒక కన్ను. ఒక్క నిమిషం. ఆ నిమిషం కోసం ఇరవైమూడు గంటల యాభైతొమ్మిది నిమిషాలు కాచుక్కూచునేవాణ్ణి. ఆమె మాత్రం ఏ బస్సు బోర్డో చదివినట్టు చూసి తలుపు మూసేసేది. మాత్ర మింగేటప్పుడు కళ్ళకద్దుకునేది. నాకు అసూయ వేసేదా అంటే, వేసేదండీ. ఎందుకు దాచాలి?

అట్లతద్ది నాటి పొద్దున అది జరిగింది. తలుపు తీసింది, కుడికన్ను అరచేత్తో మూసింది, చూసింది. వెళ్ళిపోలేదు. దగ్గరికొచ్చింది, వెనక్కి జరిగింది, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూసింది. చుక్కకి ఎడమపక్కన రెండు నిలువుగీతలు ఆమెకి పొట్ట ఉబ్బినట్టు కనపడ్డాయి.

హమ్మయ్య, నా పని పడింది, ఇప్పుడు చెప్పులేసుకుంటుంది అనుకున్నాను. ఏం లాభం! ఆమె నా వంక చీదరగా చూసి, "వెధవ అచ్చు, వంకరగా కొట్టి చచ్చారు," అంది.

నవ్వకండి. యాభై ఐదేళ్ళుగా ఆమె చేసిందేమిటనుకుంటున్నారు? వంకరని పట్టుకోవడమే. వీధిలో ఏ పిల్ల అల్లిన లేసైనా ఇంత దూరాన పట్టుకుని "మూడో వరసలో ఒకటి దాటేశావే" అని చెప్పే కళ్ళు అవి. తప్పు కనపడితే విప్పించేది, మళ్ళీ అల్లించేది. తప్పు పనిలో ఉంటుంది, కంట్లో ఉండదు. ఆ నమ్మకం మీదే బతికింది ఆ మనిషి. అంతకు ముందు వారం సత్తిరాజు ఒక బల్లగుడ్డ తెచ్చి "ఇక్కడో గొలుసు కుట్టు తప్పిందండీ" అన్నాడు, పుట్టి బుద్ధెరిగి ఆమె వినని మాట. "ఈసారి దారం మంచిది కాదు సత్తిరాజూ," అని పంపేసింది. ఆ రోజు దారం మీద, ఈ రోజు నా మీద.

ఇక ఆమె ఏం చేసిందో తెలుసా? బాల్ పెన్ను తెచ్చింది. ఒక కన్ను మూసుకుని, తన కంటికి ఎలా తిన్నగా కనపడుతుందో అలా, నా రెండు గీతల పక్కనే కొత్త గీతలు గీసింది. స్కేలు కూడా పెట్టలేదు. అంత నమ్మకమున్న చెయ్యికి స్కేలెందుకు? గీసి, వెనక్కి జరిగి చూసుకుని "ఆఁ, ఇప్పుడు బాగుంది" అంది. నాకు అరవాలనిపించింది. గోల చేసి వీధినంతా పోగెయ్యాలనిపించింది. అట్టముక్కకి నోరెక్కడిది?

అయితే మనసులో ఏ మూలో పీకినట్టుంది. ఆ రాత్రి నుంచి మాత్రలు రెండేసి మింగడం మొదలెట్టింది. వికారం పెట్టి అన్నం సయించేది కాదు. "బలం ఎక్కుతోంది కదా, అలాగే ఉంటుంది," అని తనకి తనే చెప్పుకునేది. నాలుగు రోజులకి గీతలు మళ్ళీ వంగాయి, మళ్ళీ పెన్ను తెచ్చింది. రెండు గీతలు ఐదయ్యాయి, ఐదు తొమ్మిదయ్యాయి. మూడు వారాలపాటు ఆమె జబ్బు రోజూ నా వంటి మీద బొమ్మ వేస్తూ పోయింది, వేస్తున్న మనిషే నన్ను తిడుతూ పోయింది.

రెండో శనివారం బడికి సెలవు. చలి మొదలైంది. అక్క పెరట్లో ఉండగా రత్నం శాలువా కోసం బీరువా తీసింది. నన్ను చూసింది. శాలువా సంగతి మర్చిపోయింది.

"అక్కా! ఏంటిది? దీని మీద ఈ పిచ్చిగీతలేంటి?"

మంగతాయారు చేతులు తుడుచుకుంటూ వచ్చింది. దాచిన దొంగసొమ్ము దొరికిపోయినట్టు మొహం ఎర్రబడింది. ఇక తప్పక ఆసుపత్రి సంగతి చెప్పింది, ఎప్పుడో జరిగిన పెళ్ళి కబురులా తేలిగ్గా. "ఇది కన్ను చూసుకునే అట్టలే. అచ్చు వంకరగా పడింది. నేనే సరిచేశాను."

రత్నం నన్ను వెలుగులోకి వంచి చూసింది. చూసి, నెమ్మదిగా అంది. "అచ్చు తిన్నగానే ఉందక్కా. నువ్వు గీసినవే వంకరగా ఉన్నాయి."

"నాకు చెప్పొచ్చావా? జాకెట్టుకి గుండీ కుట్టుకోవడం చేతకాదు నీకు!"

"చేతకాదు. అయినా తిన్నగానే ఉందక్కా."

దాని గొంతులో ఏముందో, మంగతాయారు తన పనిసంచి దగ్గరికి వెళ్ళింది. దారపుండ తీసింది. రెండు చేతులకీ చుట్టి, మధ్యన జానెడు దారాన్ని బిగలాగి నా మీద పెట్టింది. "నా కుడికన్ను ముయ్యవే," అంది. రత్నం తన చేత్తో మూసింది.

దారం వంగింది.

బిగలాగిన దారం వంగదు. ఈ లోకంలో ఆమెకి మిగతావేవి తెలిసినా తెలియకపోయినా ఆ ఒక్కటీ తెలుసు. ఇంకా లాగింది. వేళ్ళు కోసుకుపోయేలా లాగింది. ఇంకా వంగే ఉంది. పటుక్కున తెగింది.

మంగతాయారు మంచం మీద కూలబడింది. నేను అంత దగ్గరగా ఒక మనిషి మొహంలో భయం చూడటం అదే మొదలు. నేను గెలిచాను కదా, నాలో వంకర లేదని తేలింది కదా, ఏ కోశానా సంతోషం లేదు నాకు. "భీమవరం బస్సు ఎన్నింటికే?" అని అడిగింది.

నన్నూ ఊడదీసి పట్టుకెళ్ళారు. డాక్టరమ్మ కన్ను చూసింది, తరవాత నన్ను చూసింది. నన్నే ఎక్కువసేపు చూసింది. "మొదటి గీత ఎప్పుడు గీశారమ్మా?"

"అట్లతద్దికండి."

"మూడు వారాలు. ఆ రోజే వచ్చుంటే..." అని ఆగిపోయింది. కంటి వెనక కొత్త రక్తనాళాలు పుట్టి నెత్తురు కారుతోందని, మచ్చ కట్టేసిందని, దాన్ని ఆపడానికి కంట్లోకే సూదిమందు ఇవ్వాలని చెప్పింది.

"మాత్రలు రెండేసి వేసుకున్నానండి మరి," అంది మంగతాయారు, బళ్ళో పాఠం తప్పకుండా అప్పజెప్పిన పిల్లలా.

"నెత్తురు కారడాన్ని మాత్ర ఆపదమ్మా. అలా రెండేసి వేసుకోకూడదు కూడా." డాక్టరమ్మ గొంతు తగ్గించింది. పక్కన నిలబడ్డ రత్నం వంక తిరిగి, "మీరు సొంత చెల్లెలా? ఇలా కూర్చోండి, మీవీ చూద్దాం. ఇది ఇంట్లోవాళ్ళకి రావచ్చు," అంది. చూసింది. రత్నం రెండు కళ్ళలోనూ జబ్బు ఆనవాళ్ళు మొదలయ్యాయి. చూపుకి ఇంకా ఏమీ కాలేదు. ఆమెకీ ఒక పసుపుమూత సీసా ఇచ్చారు, ఒక కొత్త అట్ట ఇచ్చారు.

నెలకొకటి చొప్పున మూడు సూదులు పడ్డాయి. నెత్తురు ఆగింది. నడిమధ్యన మచ్చ ఉండిపోయింది. గుమ్మం కనపడుతుంది, కంచం అంచు కనపడుతుంది, కంచంలో ఏముందో కనపడదు. రత్నం ఎదురొస్తే చీర కనపడుతుంది, మొహం కనపడదు. సూదీ దారమూ ఆమె తనే సత్తిరాజు చేతికి ఇచ్చేసింది, సంగతంతా చెప్పి. "మా అమ్మకీ ఇదే జబ్బండీ పెద్దమ్మా. ముందే చెబితే లావుదారం పని ఇచ్చేవాణ్ణి, ఆసుపత్రికి నేనే తీసుకెళ్ళేవాణ్ణి," అన్నాడు. ఎవరికి తెలుస్తుందని ఆవిడ భయపడిందో ఆ మనిషి అన్న మాటండీ ఇది. బీరువాలో నాకు ఏడుపొచ్చింది.

అవును, నేను మళ్ళీ బీరువాలోకే వచ్చాను. నా వంటినిండా పెన్నుగీతలు, నేనిక దేనికీ పనికిరాను. రత్నం చెత్తబుట్టలో వెయ్యబోతే అక్క "ఉండనీ" అంది. ఎందుకో చెప్పలేదు. పాత చోటే అంటించింది చేత్తో తడుముకుని. కొత్త అట్టని మాత్రం తలుపు బయటివైపు అంటించారు, అందరికీ కనపడేలా. మా ఇద్దరికీ మధ్యన ఇనప రేకు ఒక్కటే. అది వెలుగులో ఉంటుంది, నేను చీకట్లో. ఇప్పుడు నాకు ఆ ఒక్క నిమిషం కూడా లేదు. వినడమే.

రోజూ పొద్దున్న వింటాను. రత్నం హడావిడిగా బడికి బయల్దేరుతుంటే అక్క గుమ్మానికి అడ్డం నిలబడుతుంది. "ఇలా రా. కళ్ళజోడు పెట్టావా? ముందు కుడి." తన అరచేత్తో చెల్లెలి కన్ను మూస్తుంది, రత్నం చేతిని నమ్మదు. "చుక్క చూడు. తిన్నగా ఉన్నాయా?"

"ఉన్నాయి తల్లీ, ఉన్నాయి. నన్నింకా గౌనేసుకున్న పిల్లననుకుంటున్నావు."

"నోరుముయ్. ఇప్పుడు ఎడమ."

ఇలా పదహారు నెలలు. జ్వరమొచ్చినా మానలేదు, కరెంటు లేకపోయినా మానలేదు, కిటికీ దగ్గరికి లాక్కెళ్ళేది. వేళకి ఒకే మాత్ర చేతిలో పెట్టేది. రెండోది అడిగితే కసిరేది. రత్నం విసుక్కునేది, వేళాకోళం చేసేది, ఒక్కోసారి నిజంగానే కోపమొచ్చి తలుపు ధడేల్మని వేసుకుపోయేది. మర్నాడు మళ్ళీ అదే చెయ్యి, అదే ప్రశ్న.

మొన్న ఒకనాడు, బయట వాన పడుతోంది, అక్క "తిన్నగా ఉన్నాయా?" అంది. జవాబు రాలేదు.

"ఏమే?"

"ఏం లేదక్కా. నలుసు పడ్డట్టుంది. రేపు చూద్దాంలే."

"చీర మార్చుకో."

"రెండొందల మంది పిల్లలకి వంటక్కా, ఇవాళ నాతో వండే ఆవిడ కూడా రాలేదు. సాయంత్రం..."

"మార్చుకో అన్నానా!"

ఆ ఇంట్లో అంత పెద్ద కేక నేనెప్పుడూ వినలేదు. పది నిమిషాల్లో తాళం పడింది. మొహాలు కనపడని మనిషి, గీతలు వంకరగా కనపడిన మనిషిని చెయ్యి పట్టుకుని ఆ వానలో బస్టాండుకి లాక్కెళ్ళింది. నేను రోజంతా ఇనప రేకుకి ఆనుకుని ఉన్నాను. నాకు దేవుడెవరో తెలియదు. ఉంటే ఆ పటాల్లో ఎవరో ఒకరు నా మాట వినాలని మాత్రం అనుకున్నాను.

సాయంత్రం తాళం తీశారు. రత్నం గొంతు ముందు వినిపించింది, అలిసిపోయి, తేలికపడి. వెంటనే సూదిమందు వేశారట. గీత వంగిన రోజే వచ్చినవాళ్ళని చూసి ఎన్నాళ్ళయిందో అందట డాక్టరమ్మ. చూపు నిలబడుతుందనే ఆశ గట్టిగా ఉందట. ఇంకో రెండు సూదులు పడాలట.

మంగతాయారు బీరువా తలుపు తీసింది, తడిసిన తల తుడుచుకోడానికి పొడిగుడ్డ కోసం కాబోలు. నా ఎదురుగా నిలబడింది. నన్ను చూడలేదు, చూడలేని మనిషి కదా పాపం. చీరల మీద చెయ్యి వేసి అలాగే ఉండిపోయింది. తన కన్ను పోయినప్పుడు ఏడవని మనిషి ఇప్పుడు వెక్కివెక్కి ఏడ్చింది. రత్నం కంగారుపడి వెనక నుంచి పట్టుకుంది. "ఏడుస్తావేంటక్కా, నాకు బాగానే ఉందన్నారు కదా?"

"అందుక్కాదే," అంది మంగతాయారు. "నాకూ ఒక అక్క ఉంటే బాగుండేదే."